చెలమ యొద్ద శ్రావకుడు



పంచపరమేష్ఠులకు వందనము చేసి నేడు నీటిని గురించి నాలుగు మాటలు మనవి చేయుచున్నాను. నీరనగానే మన ఇండ్లలో పెద్దలకు వడబోత గుడ్డ గుర్తుకు వచ్చును. పిల్లలకు అంగడిలోని సీసా గుర్తుకు వచ్చును. గుడ్డ నుండి సీసాకు వచ్చిన దారిలో మనము జారవిడిచినది ఒకటి ఉన్నది. ఇంట కూర్చున్నంత కాలము అది తెలియదు. కుళాయి త్రిప్పినచో నీరు వచ్చును. ఆ నీరు ఎక్కడిది, ఎవరి వంతు, అందులో ఏ జీవములు ఉన్నవి అని అడుగవలసిన పని ఉండదు. కాలినడకన యాత్రకు బయలుదేరి, దాహమై, దారి ప్రక్క జానెడు లోతు నీటి ముందు చెంబుతో వంగిన నాడు ఆ ప్రశ్నలన్నియు ఒక్కసారిగా ఎదుట నిలుచును. అందుచేత నేటి ప్రసంగమునకు గంగను గాని, సముద్రమును గాని కాక, చెలమను విషయముగా తీసికొన్నాను.

చెలమ మీకు క్రొత్త కాదు. ఏటి ఇసుకలో గాని, తీరపు ఇసుకలో గాని చేతితో త్రవ్వగా ఊరు చిన్న నీటిగుంట అది. తోడినకొలది తరుగును, ఆగినకొలది ఊరును. పెద్ద బిందె అందులో మునుగదు. తొందరపడినవానికి బురద దక్కును, ఓపిక పట్టినవానికి తేట దక్కును. శ్రావకుని వ్రతములకు ఇంతకంటె మంచి పరీక్షాస్థలము లేదని నా మనవి.

ఆంధ్రదేశమునుండి ఖండగిరికి గాని, సమ్మేదశిఖరమునకు గాని తీరము వెంట నడచిపోవువాని దారిని తలచుకొనుడు. ఇచ్ఛాపురముతో ఆంధ్రదేశపు పొలిమేర ముగియును. బరంపురము దాటి మరి సుమారు 20 కిలోమీటర్లు నడచినచో ఛత్రపూర్ వచ్చును. అది గంజాం జిల్లాకు ముఖ్యపట్టణము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోనిదే. బరంపురపు అంగళ్ళలో నేటికిని తెలుగు వినిపించును. ఛత్రపూరుకు చేరువనే తంపర అను మంచినీటి సరస్సు ఉన్నది. 2021లో దానికి రామ్‌సర్ ఒడంబడిక క్రింద రక్షింపదగిన చిత్తడినేలగా గుర్తింపు కలిగినది. కొంత దూరమున ఋషికుల్యా నది సముద్రములో కలియును. తూర్పున ఇసుక దిబ్బలు, వాని ఆవల బంగాళాఖాతము.

సముద్రము ఇంత దగ్గరనున్న చోట తీపి నీరు ఎట్లు దొరకును? ఇందులో ఒక వింత ఉన్నది. ఇసుక దిబ్బల మీద కురిసిన వాన ఇసుకలోనికి ఇంకి, క్రిందనున్న ఉప్పునీటి మీద తేలుచు నిలుచును. మంచినీరు ఉప్పునీటి కంటె తేలిక గదా! నీటిశాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము, సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచియున్నచో దాని క్రింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరు ఉండును. పైనున్న ఆ ఒక్క అడుగును తోడివేసినచో కాలక్రమమున క్రిందినుండి 40 అడుగుల మేర ఉప్పునీరు పైకి లేచును. కనుక తీరమున పైపైన త్రవ్వి, కొద్దికొద్దిగా తోడుకొనువానికి తీపి నీరు. లోతుగా దించి, గట్టిగా లాగువానికి ఉప్పు నీరు. పరిగ్రహ పరిమాణ వ్రతమును గురించి నేను గంట సేపు చెప్పగలిగినదానిని ఆ ఇసుక ఒక్క గుక్కలో చెప్పుచున్నది.

మారువాడమునుండి వచ్చిన కుటుంబములకు ఇది పూర్వులెరిగిన సంగతియే. జైసల్మేరు, బాడ్మేరు, బికానేరు సీమలలో బేరీలు, కుయీలు అని చిన్న బావులున్నవి. అక్కడ భూగర్భజలము చాల చోట్ల ఉప్పు. అయితే ఇసుక క్రింద సుద్దపొర యున్న చోట వాన తడి ఆ పొరను దాటలేక ఇసుకలోనే నిలుచును. ఆ తడి బొట్టుబొట్టుగా ఊరి బేరీలో చేరును. దినమునకు కొన్ని కుండలు మాత్రమే. ఆ కొన్ని కుండలతో బ్రతుకు నేర్చిన తాతముత్తాతల సంతతి మనము. వారికి నీరు నేతితో సమానము. మనకు అది కాళ్ళు కడుగుకొను వస్తువైనది.

ఇక శాస్త్రమేమి చెప్పుచున్నదో చూతము. ఔపపాతిక సూత్రములో అంబడ పరివ్రాజకుని శిష్యుల వృత్తాంతము ఉన్నది. వారు 700 మంది. వేషమునకు పరివ్రాజకులు, ఆచారమునకు శ్రావక వ్రతములు పట్టినవారు. నీటి విషయమున వారికి నియమములు ఉండెను. పారు నీరు కావలెను, నిలువ నీరు కారాదు. తేట నీరు కావలెను, బురద నీరు కారాదు. వడగట్టినది కావలెను. మాగధ మానముతో కొలిచినంతయే కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఒకరు ఇచ్చినది కావలెను, తామై ముంచుకొనరాదు.

జ్యేష్ఠమాసపు ఎండలో వారు కాంపిల్యపురమునుండి పురిమతాలమునకు గంగ ఒడ్డున నడచి పోవుచుండిరి. తెచ్చుకొన్న నీరు అడవి నడుమ అయిపోయినది. నాలుకలు పిడచ కట్టినవి. ప్రక్కనే గంగ నిండుగా పారుచున్నది. నీరు ఉన్నది, ఇచ్చువాడు లేడు. నలుదిక్కులు వెదకినారు, ఒక్క మనుష్యుడును కనబడలేదు. అప్పుడు వారు తమలో తాము ఆలోచించుకొన్నారు. ఆపద వచ్చినపుడు విడుచుటకేనా వ్రతము పట్టినది అనుకొన్నారు. దండములు, కమండలములు ఒక ప్రక్క పెట్టి, గంగ ఇసుకనే పాన్పుగా చేసికొని, అరిహంతులకు, మహావీరస్వామికి, తమ గురువైన అంబడునకు నమస్కరించి, ఆహారపానీయములు విడిచి సమాధిమరణము పొందినారు. వారు బ్రహ్మలోకమున దేవతలైనారని సూత్రము.

ఈ కథ వినగానే మీలో కొందరు, "స్వామీ, గంగ ఎవరి సొత్తు? ఎవరిని అడుగవలెను? ఇది మరీ మూఢత్వము కాదా?" అని మనసులో అనుకొనుచుందురు. అట్లు అనుకొనుట సహజమే. సమాధానము ఆచారాంగ సూత్రములో ఉన్నది. మొదటి అధ్యయనమైన శస్త్రపరిజ్ఞలో మూడవ ఉద్దేశకము నీటిని గురించినది. నీటిలో నివసించు జీవులు వేరు, నీరే శరీరముగా గల జీవులు వేరు అని అక్కడ విభజించి చెప్పినారు. ఆపై మరొక మాట చెప్పినారు. జలజీవులను హింసించుట హింస మాత్రమే కాదు, ఇయ్యనిదానిని పుచ్చుకొనుట కూడ అగును అని దాని భావము. ఆ జీవులు తమ శరీరములను మనకు దానము చేయలేదు గదా! రాజు అనుమతి ఇచ్చినను, భూమి యజమాని అనుమతి ఇచ్చినను, శరీరపు యజమాని అనుమతి ఇచ్చినాడా? కనుక చెంబెడు నీటిలో మొదటి వ్రతమైన అహింసయు, మూడవ వ్రతమైన అస్తేయమును కలిసియున్నవి. గంగ ఒడ్డున ఆ 700 మందికి ఇది తెలియును.

అయినచో గృహస్థుడు దాహముతో చావవలెనా? అట్లు ఏ ఆచార్యుడును చెప్పలేదు. పదవ శతాబ్దికి చెందిన అమృతచంద్రాచార్యులు తమ పురుషార్థసిద్ధ్యుపాయములో గృహస్థుని అశక్తిని చక్కగా గుర్తించినారు. బావినీరు మొదలైనవి పుచ్చుకొనుట మానలేనివారున్నారు; సరే, వారైనను తక్కిన ఇయ్యని వస్తువులన్నిటిని ఎల్లప్పుడు విడువవలెనని వారి ఉపదేశ సారము. వ్యాపారులమైన మనము ఈ మాటను జాగ్రత్తగా చదువుకొనవలెను. నీటికి సడలింపు ఇచ్చిన ఆచార్యులు తూకమునకు ఇవ్వలేదు, గజముబద్దకు ఇవ్వలేదు, వడ్డీ చిట్టాకు ఇవ్వలేదు. మనము లెక్కను తలక్రిందులు చేసినాము. నీటిని మూడుసార్లు వడగట్టి, ఖాతాను ఒక్కసారియైనను వడగట్టని ఇండ్లు లేవా? చెలమ నీరు వడగట్టు చేతికి కల్తీ సరకు అంటరాదు. ఆ చేయి ఈ చేయి ఒక్కటే గదా!

ఇపుడు చెలమ యొద్దకే పోదము. నడకయాత్రలో శ్రావకుడు అక్కడ చేయవలసిన పనిని వరుసగా చెప్పెదను. కొలనుపాకకు గాని మరియొక తీర్థమునకు గాని ఛరీ పాలిత సంఘముతో నడచినవారికి ఆరు నియమములు తెలిసినవే. పాదచారీ, భూమిసంథారీ, ఏకల ఆహారీ, బ్రహ్మచారీ, సచిత్త పరిహారీ, సమ్యక్త్వధారీ. వీనిలో సచిత్త పరిహారీ అనగా జీవముతోనున్న పదార్థమును, పచ్చి నీటితో సహా, నోట పెట్టనివాడు. ఆ నియమము నిలుచుట గాని చెడుట గాని మొదట చెలమ యొద్దనే.

మొట్టమొదట చేయవలసినది అడుగుట. చెలమ దానంతటది ఏర్పడదు. తెల్లవారకముందే ఎవరో ఒక తల్లి వచ్చి, ఇసుక తోడి, మొదటి బురదనీరు పారబోసి, ఊటకు కూర్చుండి ఉండును. ఆమె కుండ నిండక ముందే మన సంఘము పదిమందియు చెంబులు ముంచినచో, ఆ నీరు ఇచ్చినదా, ఇయ్యనిదా? గంగకు ఇచ్చువాడు లేకపోవచ్చును. చెలమకు ఇచ్చు తల్లి ఎదుటనే ఉన్నది. "అమ్మా, మీ కుండలు నిండిన తరువాత మాకు రెండు చెంబులు తీసికొననిత్తురా?" అని అడుగుడు. మన భాష ఆమెకు రానిచో చేతులు జోడించుడు, అర్థమగును. ఎవరును లేనిచో కొంచెము సేపు వేచియుండుడు.

రెండవది చూచుట. ఉన్న చెలమ ఉండగా క్రొత్తది త్రవ్వరాదు. త్రవ్వినచో పృథ్వీకాయ జీవులకు బాధ. పశువులు త్రాగు చోటు, బట్టలు ఉతుకు చోటు, మురుగు కలియు చోటు విడిచి, ప్రవాహమునకు ఎగువకు పోవలెను. నడచి వచ్చిన తరువాత చేయు ఇరియావహియాలో మంచును, చీమల నివాసములను, నాచును, తడిమట్టిని, సాలెగూళ్ళను తలచి, వానికి కలిగిన బాధకు క్షమాపణ కోరుదుము గదా. చెలమ అంచున ఆ జాబితా అంతయు కంటికి ఎదురుగా ఉండును. పాఠము అక్కడ నెమరువేసికొని అడుగు వేయుడు. ఏ స్థితిలోను కాలు నీటిలో పెట్టరాదు. ఒడ్డున ఎండిన చోట మోకాళ్ళ మీద కూర్చుండవలెను.

మూడవది ముంచుట. లోతులేని నీటిలో పెద్ద పాత్ర దించినచో అడుగునున్న ఒండ్రు లేచును. అందులోని జీవులన్నియు చెదరును. అందుచేత బిందెను ఒడ్డున ఉంచి, ఎండిన కొబ్బరి చిప్పను గాని, చిన్న గిన్నెను గాని తీసికొని, పక్కకు వాల్చి, పై నీటిని మాత్రము నెమ్మదిగా జారనీయవలెను. అడుగు తాకరాదు. పై తేట అయిపోయినచో ఆగవలెను. ఊరిన తరువాత మరల తీసికొనవలెను. ఇది ఆలస్యమగు పని. ఆలస్యమే ఇక్కడ ధర్మము.

నాలుగవది వడగట్టుట. గుడ్డకు పెద్దలు కొలత చెప్పినారు: 36 అంగుళముల పొడవు, 24 అంగుళముల వెడల్పు, దానిని రెండు మడతలు చేయవలెను. ఇక్కడ అంగుళమనగా వ్రేలి వెడల్పు. నేత దట్టముగా ఉండవలెను. ఎండకు ఎత్తి పట్టినచో సూర్యబింబము స్పష్టముగా కనబడరాదు. చిరుగు ఉండరాదు. బట్టల వ్యాపారము చేయువారికి నేను నేత గుణము చెప్పనవసరము లేదు. గుడ్డను బిందె మూతికి కొంచెము లోనికి వాలునట్లు కట్టి, చిప్పతో నీరు మెల్లగా పోయవలెను.

అయిదవది తిరిగి ఇచ్చుట. దీనినే జీవాణీ అందురు. మనము జారవిడిచినది ఇదియే. గుడ్డ మీద నిలిచిన జీవులు చెత్త కాదు. గుడ్డను పిండరాదు, దులుపరాదు. వడగట్టిన నీటినే కొంచెము తీసికొని, గుడ్డను తిరుగవేసి, చెలమ నీటికి ఆనించినట్లు పట్టి, ఆ జీవులను మరల ఏ నీటినుండి వచ్చినవో ఆ నీటిలోనికే జారవిడువవలెను. ఒక చెలమ జీవులను మరొక చెలమలో వేయరాదు. తీపినీటి జీవి ఉప్పునీట బ్రతుకదు, ఏటి జీవి బావిలో బ్రతుకదు. లోతైన బావిలో జీవాణీ విడుచుట కష్టము. పైనుండి పోసినచో ఆ దెబ్బకే చచ్చును. అందుచేత పాత్రను నీటి మట్టము వరకు దించి ఒంచు ఏర్పాటు పెద్దలు చేసినారు. చెలమ యొద్ద ఆ కష్టము లేదు. నీరు చేతికి అందునంత దగ్గర, జీవుల ఇల్లు చేతికి అందునంత దగ్గర.

ఈ కాలపు వడబోత యంత్రములు గుడ్డకంటె సన్ననివి, మేలైనవి అని మీరనవచ్చును. త్రాగువానికి మేలైనవే, కాదనను. కాని యంత్రములో చిక్కిన జీవి అక్కడనే ఎండిపోవును. యంత్రము త్రాగువాని క్షేమము చూచును. జీవాణీతో కూడిన గుడ్డ త్రాగువాని క్షేమమును, నీటిలోని వాని క్షేమమును రెండింటిని చూచును. ఆ రెండవ భాగమును విడిచినచో మనది పరిశుభ్రత మాత్రమే, ధర్మము కాదు.

నీటిలో కంటికి కనబడని జీవులున్నవని మన ఆగమములు చెప్పగా విని నవ్వినవారు ఒకప్పుడు ఉండిరి. 1674లో హాలెండు దేశపు డెల్ఫ్ట్ నగరములో లీవెన్‌హుక్ అను ఒక బట్టల వర్తకుడు తాను స్వయముగా అరగదీసిన గాజుబిళ్ళతో సరస్సు నీటిని చూచి, అందులో ఈదుచున్న సూక్ష్మ జీవులను గూర్చి వ్రాసినాడు. బట్టల వర్తకులు దారపు నాణ్యము చూచుటకు అద్దము వాడుట అలవాటు. ఆ అద్దమే మరింత పదునై జీవలోకమును చూపినది.

వడగట్టుట వలన మనుష్యజాతికి కలిగిన మేలు మన కన్నుల ముందే నిరూపణ అయినది. నారి కురుపు అను వ్యాధి పేరు పెద్దలు వినియుందురు. మారువాడములో నారూ అందురు. నీటిలోని ఆవగింజ కంటె చిన్న పురుగులో ఈ వ్యాధిబీజము ఉండును. ఆ నీరు వడగట్టక త్రాగినవాని శరీరములో సుమారు ఏడాదికి గజమంత పొడవైన దారము వంటి పురుగై, కాలిలో పుండు చేసి బయటికి వచ్చును. ఆ పుండు కాలితో అతడు దిగుడు బావిలో దిగినచో మరల నీరంతయు వ్యాధిమయము. నీటిలో కాలు పెట్టరాదని ఇందాక చెప్పిన నియమమునకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? మన ఆంధ్రదేశముతో సహా అనేక రాష్ట్రములలో ఈ బాధ ఉండెను. ప్రభుత్వము 1980 దశకమున పూనుకొని, గుడ్డతో వడగట్టుట నేర్పి, దిగుడు బావులను మార్పించి, దీనిని తరిమివేసినది. దేశములో కడపటి రోగి 1996 జూలైలో జోధ్‌పూరు జిల్లాలో కనబడినాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమునకు విముక్తి పత్రము ఇచ్చినది. బంగ్లాదేశములో పాత చీర గుడ్డను మడతలు పెట్టి నీరు వడగట్టించగా కలరా సుమారు సగమునకు తగ్గినదని 2003లో పరిశోధకులు ప్రకటించినారు.

అయితే గుడ్డ ఒక్కటే చాలునని పొరపడకుడు. రోగకారకములైన మిక్కిలి సూక్ష్మ జీవులు గుడ్డను దాటిపోవును. అందుకే వడగట్టిన పిదప కాచుట. శ్వేతాంబర సంప్రదాయమున మూడు పొంగులు వచ్చువరకు కాచిన నీరు వర్షాకాలమున 3 జాములు, చలికాలమున 4 జాములు, వేసవిలో 5 జాములు మాత్రమే అచిత్తముగా నిలుచును. దిగంబర సంప్రదాయమున కాచక వడగట్టిన నీటికి గడువు రెండు గడియలు, అనగా 48 నిముషములు. ఆపై మరల వడగట్టవలసినదే. కాచినను పోనివి కొన్ని ఉన్నవి. ఉప్పు పోదు, కార్ఖానాల విషము పోదు. అటువంటి అనుమానమున్న చోటి నీరు ముట్టకుండుటే మేలు.

ఇచ్చట ఒక ధర్మసందేహము వచ్చును. "నీరే జీవమైనపుడు కాచుట హింస కాదా?" అవును, హింసయే. దానిని దాచి చెప్పుట నా పని కాదు. పచ్చి నీటిలో క్షణక్షణము జీవులు పుట్టుచు చచ్చుచు ఉండును. ఒకసారి కాచినచో గడువు వరకు ఆ పుట్టుక ఆగును, ఆపై త్రాగువాని వలన క్రొత్త హింస జరుగదు అని పెద్దల సమాధానము. నేను దానికి ఒక్క మాట చేర్చెదను. కాచినవాడు కట్టెల ఖర్చు ఎరుగును, కాలము ఎరుగును, కాచిన నీటిని పారబోయడు. పచ్చి నీటితో పది బిందెలు వాడువాడు కాచిన నీటితో ఒక్క బిందెతో సరిపెట్టుకొనును. హింస పూర్తిగా తప్పనపుడు దానిని కొలతలో పెట్టుటయే గృహస్థ ధర్మము.

సాధువుల సంగతి వేరు. సాధువు ఏ చెలమలోను చేయి పెట్టడు, ఏ బావిలోను చేద వేయడు, తడిసిన బట్టనైనను పిండడు. గృహస్థుడు తన కొరకు కాచుకొన్న దానినుండి ఇచ్చినచో పుచ్చుకొనును. ఆయన కొరకే ప్రత్యేకించి కాచినది ఆయనకు అకల్ప్యము. కనుక విహారములో సాధువుల వెంట నడచు శ్రావకుడు తాను కాచిన నీరే త్రాగు అలవాటు కలవాడై ఉండవలెను. తాను సీసా నీరు త్రాగుచు సాధువుల కొరకు మాత్రము పొయ్యి వెలిగించినచో ఆ భిక్ష దోషముతో కూడినదగును. చెలమ యొద్ద మన సోమరితనము చివరకు సాధువుల వ్రతమునకు తగులుచున్నది. ఈ విషయము మీరు తేలికగా తీసికొనరాదు.

ఇప్పటి యాత్రాసంఘములను చూడుడు. ముందు లారీ, వెనుక ట్యాంకరు, వందలకొలది ప్లాస్టిక్ సీసాలు. బస చేసిన ఊరి బావికి మోటారు పెట్టి గంటలో ట్యాంకరు నింపుదురు. తీరపు ఊరైనచో మన బిడారు కదలిన తరువాత ఆ బావిలో ఉప్పు ఊరవచ్చును. మనము చూడము, మరునాడు వేరొక ఊరిలో ఉందుము. అహింసా యాత్ర అని జెండా పట్టి నడచిన దారిలో ఒక పల్లె ఆడువారు మరి అర మైలు కుండ మోయవలసి వచ్చినచో ఆ యాత్రాఫలము ఏ ఖాతాలో వ్రాయవలెను? ముసలివారు, రోగులు ఉందురు, వాహనము వలదని అనను. మోటారుతో లాగుట వలదని, ఊరివారిని అడుగకుండ తీసికొనుట వలదని, తీసికొన్నంతకు బదులు చేయకుండ కదలుట వలదని మాత్రము అనుచున్నాను.

బదులు చేయుట ఎట్లని అడిగినచో ఈ గంజాం సీమయే ఉదాహరణ చూపును. ఋషికుల్య ఒడ్డున, పురుషోత్తమపురము చేరువ జౌగడలో అశోకుని శాసనములు రాతిమీద చెక్కబడి ఉన్నవి. అందులో రెండవ శాసనము, మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు దారుల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించిన సంగతి చెప్పుచున్నది. ఉదయగిరి హాథిగుంఫా శాసనము మన ధర్మమునకు చెందిన ఖారవేలునిది. అరిహంతులకు, సిద్ధులకు నమస్కారముతో అది ఆరంభమగును. ఆ కళింగ చక్రవర్తి పట్టాభిషిక్తుడైన మొదటి సంవత్సరమున గాలివానకు దెబ్బతిన్న నగరమును బాగుచేసి, చెరువు కట్టలను గట్టిపరచినాడు. అయిదవ సంవత్సరమున నందరాజు త్రవ్వించిన పాత కాలువను రాజధాని వరకు పొడిగించినాడు. అంతటి రాజు మొదట చూచుకొన్నది నీటినే.

గాలివాన ఈ తీరమునకు పాత చుట్టము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినది. ఆ తరువాత గంజాం జిల్లాలో అనేక దినములు విద్యుత్తు లేకపోయినది. విద్యుత్తు లేనిచో మోటారు ఒక ఇనుపముద్ద. అట్టి నాడు పనికి వచ్చునది చేద, చెలమ, గుడ్డ, కుంపటి. ఇవి తెలిసినవాడు తాను బ్రతుకును, పదిమందిని బ్రతికించును. కనుక ఈ విద్యను పిల్లలకు నేర్పుట కేవలము ఆచారము కాదు, అవసరము.

బంధువులారా! నేను కోరునవి పెద్ద దానములు కావు. ప్రతి ఇంటను సరియైన కొలత గల వడబోత గుడ్డ ఒకటి ఉండవలెను. పది సంవత్సరములు దాటిన ప్రతి బాలుడును బాలికయు తన చేతితో వడగట్టి, జీవాణీ విడిచి, కాచుట నేర్వవలెను. ప్రతి నడకసంఘము తాను బసచేసిన ఊరిలో ఒక పాత బావిని పూడిక తీయించిగాని, ఒక పశువుల తొట్టిని బాగుచేయించిగాని కదలవలెను. మన చలివేంద్రములలో కుండ ప్రక్కన గుడ్డ కూడ ఉండవలెను.

మరియొకటి. చెలమ యొద్దనుండి లేచునపుడు వెనుకకు తిరిగి ఒకసారి చూడుడు. నీరు మరల తేటగా నిండుచున్నదా? అంచు చెదరలేదా? దూడ త్రొక్కకుండ తాటిమట్ట మరల కప్పినారా? మన తరువాత వచ్చు దాహార్తునకు మనము వచ్చిన గుర్తు కూడ తెలియకుండ ఉన్నచో, అక్కడ మన వ్రతము నిలిచినదని తెలిసికొనుడు. అంగడి కట్టి ఇంటికి పోవునపుడు కూడ అట్లే ఒకసారి వెనుకకు తిరిగి చూచుకొనుడు.

నీటిలో నివసించు జీవులకు, నీరే శరీరమైన జీవులకు, నీటికై నడచు జీవులకు, అందరకు శాంతి కలుగు గాక! మీ వ్రతములు నిర్విఘ్నముగా సాగు గాక!

జై జినేంద్ర!